విలన్ ఒకప్పుడు పాలేరు

తెలుగులో కొత్త మాటలు కల్పించుకోవాలా, అరువు తెచ్చుకోవాలా అన్న వాదం ఎక్కడ మొదలైనా కొంతసేపటికి ఎవరో ఒకరు ఆంగ్లభాషను సాక్ష్యానికి పిలుస్తారు. "ఆంగ్లం చూడండి, విశాలహృదయంతో అన్ని భాషలనుంచీ పదాలను స్వీకరించింది కనుకనే అంతటిది అయింది, మనమే మడి కట్టుకొని కూర్చున్నాం" అంటారు. ఇందులో సగం నిజం ఉంది. ఆంగ్ల నిఘంటువులో నాలుగోవంతుకు తక్కువ కాకుండా ఫ్రెంచి సొత్తే. పూర్వం మనవాళ్లు పరాసు అని పిలిచిన ఆ భాషను పక్కకు తీసేస్తే ఆంగ్లంలో కోర్టు ఉండదు, పార్లమెంటు ఉండదు, జడ్జి ఉండడు, జైలూ ఉండదు. నా పేచీ అంతా "స్వీకరించింది" అన్న క్రియాపదంతోనే. ఆ పదాల అర్థాలు ఫ్రెంచిలో ఒకలాగ, ఆంగ్లంలో మరొకలాగ, ఒక్కొక్కప్పుడు ఆంగ్లంలోనే రెండు మూడు విధాలుగా ఎందుకున్నాయో కాస్త తవ్వి చూస్తే, అక్కడ విశాలహృదయం కన్న ముందు ఎవరు ఏలారు, ఎవరు ఊడిగం చేశారు అన్న సంగతి బయటపడుతుంది.

కథ అందరికీ తెలిసినదే. 1066 అక్టోబరులో నార్మండీ డ్యూకు విలియం హేస్టింగ్సు దగ్గర ఆంగ్లరాజు హెరాల్డును ఓడించి, ఆ క్రిస్మసు నాడు లండనులో పట్టాభిషిక్తుడయ్యాడు. ఈ నార్మనులు అసలు ఫ్రెంచివారు కారు. స్కాండినేవియా నుంచి ఓడలమీద వచ్చి ఊళ్లు దోచుకొనే జాతి సంతతివారు. వారి బాధ పడలేక ఫ్రెంచి రాజు 911లో సీన్ నది ముఖద్వారం చుట్టూ నేల ఇచ్చి కూర్చోబెట్టాడు. కొన్ని తరాలకే వాళ్లు సొంతభాష మరచి ఫ్రెంచి మాట్లాడసాగారు. అంటే ఇంగ్లండును జయించిన భాష కూడా ఆ జయించినవారికి అరువు సొమ్మే!

ఆ తరువాత భూములు చేతులు మారాయి. 1086లో రాజు చేయించిన భూముల లెక్కల దస్తరం, డూమ్స్‌డే బుక్కు, తిరగేస్తే పెద్ద పెద్ద మాన్యాలన్నిటి ఎదుటా నార్మను పేర్లే. రాజసభలో ఫ్రెంచి, చర్చిలోనూ దస్తరాల్లోనూ లాటిను, పొలంలో ఆంగ్లం. ఇక ఫ్రెంచి పదాలు వరదలా వచ్చిపడి ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. విచిత్రమేమంటే అలా జరగలేదు. మొదటి నూటయాభై ఏళ్లలో వచ్చినవి బహు తక్కువ. దొర దొరభాషలో మాట్లాడుకున్నాడు, రైతు రైతుభాషలో మాట్లాడుకున్నాడు, నడుమ దుబాసీ పని చేసేవాళ్లు కొందరున్నారు. పదాలు కుప్పలుగా వచ్చినది సుమారు 1250 నుంచి 1400 వరకు. డెన్మార్కు పండితుడు ఒట్టో యెస్పెర్సన్ 1905లో అచ్చయిన తన గ్రంథంలో వెయ్యి ఫ్రెంచి మాటలను తీసుకొని అవి ఆంగ్లంలో మొదటిసారి కనబడిన కాలాలను లెక్క కట్టి మరీ చూపించాడు.

ఆ నూటయాభై ఏళ్లూ ఇంగ్లండులో ఫ్రెంచి వెలిగిన కాలం కాదు, ఆరిపోతున్న కాలం. 1204లో జాన్ రాజు నార్మండీని పోగొట్టుకున్నాడు. కాలువకు ఆవలి భూములు పోయాక ఇక్కడి ప్రభువులు ఇక్కడివారే అయ్యారు. దాదుల ఒడిలో పిల్లలు ఆంగ్లమే నేర్చారు. పదమూడో శతాబ్దంలో వాల్టర్ ఆఫ్ బిబ్స్‌వర్త్ అనే ఆయన, ఒక దొరసాని తన పిల్లలకు ఫ్రెంచి నేర్పుకోవడానికని పద్యాలలో ఒక వాచకం రాసి, కష్టమైన మాటలమీద ఆంగ్లంలో టీక కూడా ఇచ్చాడు. ఇంటిభాషకు టీకా తాత్పర్యాలు ఎవరూ రాయరు కదా. ఫ్రెంచి అప్పటికే పుస్తకం పట్టి నేర్చుకొనే భాష అయిందన్నమాట. మనిషి ఒక భాష విడిచి మరొక భాషలోకి మారేటప్పుడు తన హోదాకూ వృత్తికీ చెందిన మాటలను విడిచిరాడు. పల్లకీ దిగిన దొర నడిచి వస్తూ సామానంతా మోయించుకు తెచ్చినట్టు, ప్రభువులు ఆంగ్లంలోకి వస్తూ తమ మాటల మూటలు తెచ్చుకున్నారు. పొలం దున్నేవాడు వాటిని పిలిచి ఆతిథ్యం ఇచ్చినది లేదు.

ఆ మూటలు కూడా ఒక్కసారిగా, ఒక్క దారిన రాలేదు. మన పిల్లలను హాస్టలులో చేర్చేటప్పుడు నింపే దరఖాస్తు గుర్తు చేసుకోండి. ఒక మూల వార్డెను సంతకం, మరో మూల గార్డియను సంతకం. ఆ ఇద్దరూ ఒకే మాట. ఫ్రాంకులనే జర్మానిక్ తెగ నుంచి ఫ్రెంచిలోకి వచ్చిన పదాలలో తొలి వకారాన్ని ఉత్తరాన నార్మండీవారు వకారంగానే ఉంచుకున్నారు. పారిసు వైపు అది గకారమయింది. నార్మనుల వెంట ముందుగా వకారపు రూపం, తరువాత పారిసు మర్యాదలు గొప్పవైన కాలంలో గకారపు రూపం, రెండూ ఇంగ్లండు చేరాయి. ఒకే పనికి రెండు మాటలెందుకని ఏదీ వెళ్లిపోలేదు, పని పంచుకున్నాయి. వార్డెను వసతిగృహాన్ని కాచేవాడు, గార్డియను మైనరు బిడ్డను కాచేవాడు. వారంటీ, గ్యారంటీ కూడా అటువంటి జంటే. వారంటు మాట పాతఫ్రెంచిలో రక్షకుడు, అభయమిచ్చేవాడు అన్న అర్థంలో ఉండేది. ఆ అభయం ఒకరి తరఫున మరొకరు చెయ్యడానికి ఇచ్చే అధికారమై, చివరకు కాగితమై, ఇవాళ ఆ పేరు వింటే మనుషులు పెరటిదారి వెతుక్కుంటారు.

కూలి అనే అర్థమున్న వేజ్ అన్న మాటకు మొదట పూచీ, కుదువ అని అర్థం. దాని గకారపు జంట గేజ్. చావు అనే అర్థమున్న మోర్ట్ దానికి ముందు చేరితే మార్ట్‌గేజి, అంటే 'చచ్చిన తాకట్టు'. బాకీ తీర్చకపోతే భూమి బాకీదారు పాలిటికి చచ్చినట్టే, తీరిస్తే ఋణదాత పాలిటికి చచ్చినట్టే అని పదిహేడో శతాబ్దంలో ఎడ్వర్డ్ కోక్ అనే న్యాయకోవిదుడు దీనికి అర్థం చెప్పాడు. బ్యాంకులో ఇంటి ఋణం కాగితాలమీద సంతకం పెట్టేవారు ఈ వ్యుత్పత్తిని ఆ పూట తలచుకోకుండా ఉండడం మేలు.

ఇటువంటి జంటలు మనకు కొత్తేమీ కాదు. యాత్ర ప్రకృతి, జాతర వికృతి. పుట్టుక ఒకటే అయినా కాశీకి వెళ్లేది యాత్ర, ఊరి అమ్మవారికి జరిగేది జాతర. భోజనం విస్తట్లోది, బోనం అమ్మవారికి తలమీద మోసుకెళ్లేది. సంస్కృతరూపం ఒక మెట్టు పైన, వాడుకలో నలిగిన రూపం జనం మధ్యన. ఆంగ్లంలో దీనికి చక్కని ఉదాహరణ తలకాయ నుంచి పుట్టిన మూడు మాటలు. లాటినులో తలకు సంబంధించిన కపితాలె అన్న పదానికి మూలధనం అన్న అర్థం వచ్చింది. నార్మండీ రూపంలో కకారం నిలిచి క్యాటిల్ అయింది. మొదట అన్ని రకాల ఆస్తీ, తరువాత పశువులు మాత్రమే. గోధనం అన్న మాట ఎరిగిన మనకు ఇందులో వింత లేదు. పారిసు రూపంలో అదే కకారం చకారమై చ్యాటెల్ అయింది. వకీళ్ల భాషలో చరాస్తి. నేరుగా లాటిను పోలికలతో వచ్చిన క్యాపిటల్ షావుకార్ల పాలయింది. పాలేరుకు పశువులు, ప్లీడరుకు చరాస్తి, షావుకారుకు పెట్టుబడి!

ఒక మాట ఎప్పుడు వచ్చిందో చాలాసార్లు ఉచ్చారణే చెప్పేస్తుంది. ఫ్రెంచిలో చకారం పదమూడో శతాబ్దంలో షకారంగా మారింది. అంతకుముందరి ఫ్రెంచి పలుకుబడితో వచ్చినవి చీఫ్, చాంబరు, చార్జి. తరువాతివి మెషీను, షాంపేను. అసలు చీఫ్, షెఫ్ ఒకే మాట. ఇవి కూడా తలకాయ సంతానమే. మొదటివాడు పద్నాలుగో శతాబ్దం నాటికే ఆంగ్లంలో పెద్దతలకాయ, రెండోవాడు పందొమ్మిదో శతాబ్దంలో వచ్చిన వంటింటి పెద్ద. ఫ్రెంచివారికి మాత్రం ఇద్దరూ నేటికీ ఒక్కరే. అలాగే పాతఫ్రెంచిలోని హోస్టెల్ పూర్వమే వచ్చింది. ఫ్రెంచిలో సకారం లోపించి హోటెల్ అయ్యాక పదిహేడో శతాబ్దంలో మళ్లీ వచ్చింది. ఆసుపత్రి వీటి దాయాదే. మన దగ్గర హోటలంటే ఇడ్లీ తినేచోటు, హాస్టలంటే చదువుకొనేవారు ఉండేచోటు. ఇంగ్లండువాడు మన హోటలుకు వచ్చి గది అడిగితే మనం నవ్వుతాం; పారిసులో 'హోటెల్ ద వీల్' అని రాసిన భవనంలోకి మంచం కోసం వెళ్లినవాడిని చూసి అక్కడివారు నవ్వుతారు, అది పురపాలక భవనం కనుక.

ఇంతవరకు వినోదం. నన్ను ఎక్కువకాలం వెంటాడినది బంధువుల విషయం.

అంకుల్, ఆంటీ అన్న రెండు మాటలు మన బాబాయిని, పెదనాన్నను, మామయ్యను, పిన్నిని, పెద్దమ్మను, అత్తయ్యను మింగేశాయని మనం వాపోతూంటాం. ఆంగ్లానికి బంధుత్వాల సూక్ష్మం తెలియదని ఈసడిస్తాం కూడా. కాని పాతఆంగ్లానికి ఆ సూక్ష్మం బాగా తెలుసు. తల్లి తోబుట్టువుకు ఒక మాట, తండ్రి తోబుట్టువుకు వేరొక మాట, ఆడవారిలోనూ అంతే. మేనమామను 'ఏయమ్' అనేవారు. లాటినులోనూ నాలుగు మాటలున్నాయి: తండ్రి సోదరుడు 'పత్రుఉస్', మన సంస్కృతంలోని పితృవ్యుడికి చుట్టం, తల్లి సోదరి 'మాతెర్తెర', మేనమామ 'అవుంకులుస్', మేనత్త 'అమిత'. ఫ్రెంచివారి చేతిలో తండ్రివైపు మగవాడి మాట, తల్లివైపు ఆడమనిషి మాట రెండూ అంతరించి, మిగిలిన రెండే అందరికీ సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆ రెండే నార్మనుల వెంట ఇంగ్లండు వచ్చి అంకుల్, ఆంట్ అయ్యాయి. అంటే వ్యుత్పత్తి ప్రకారం అంకుల్ అచ్చంగా మేనమామ, ఆంటీ అచ్చంగా మేనత్త! మన వీధిలో ప్రతివాడినీ మేనమామ చేసి కూర్చోబెట్టాం.

పాతమాట వెంటనే చావలేదు. 1380లలో చాసర్ కవి ట్రాయిలస్ అండ్ క్రిసైడ్ అనే కావ్యం రాసినప్పుడు క్రిసైడ్ మేనమామ పాండరస్‌ను కొత్తమాటతోనూ పిలిపించాడు, పాతమాటతోనూ పిలిపించాడు. ఆ తరువాత పాతమాట ఉత్తరాది మాండలికాలకూ స్కాట్లండుకూ తగ్గిపోయింది. తండ్రి, తల్లి, అన్న, చెల్లి, కొడుకు, కూతురు అన్నవి మాత్రం ఇప్పటికీ స్వచ్ఛమైన ఆంగ్లమే. గడప లోపలి మాటలను దొరభాష కదపలేకపోయింది. గడప దాటి అరుగుమీద కూర్చున్న బంధువులందరి పేర్లూ మార్చేసింది. నెఫ్యూ, నీస్, కజిన్ అన్నీ ఫ్రెంచివే. ఎక్కువ మర్యాదగల మాట ఏది అనిపిస్తే దానితో చుట్టాన్ని పిలవడం మనుషుల స్వభావం. హైదరాబాదులోనైనా, విజయవాడలోనైనా, న్యూజెర్సీలోనైనా పక్కింటాయన అంకుల్ అయినది ఈ దారినే. ఏడువందల ఏళ్ల కిందట ఒక ఇంగ్లండు గ్రామంలో పిల్లవాడు ఏయమ్‌ను మాని అంకుల్ అనడం మొదలుపెట్టినప్పుడు ఆ మేనమామ ఏమనుకున్నాడో ఏ చరిత్రలోనూ ఉండదు.

ఇక విలన్. మన సినిమాల్లో కోరమీసంతో ఉండే ఈ పాత్ర మొదట పాపం భూస్వామి పొలంలో పనిచేసే పాలేరు. లాటినులో విల్లా అంటే పల్లెలోని పొలంతో కూడిన ఇల్లు. అందులో పనిచేసేవాడు విలానుస్, ఫ్రెంచిలో విలేన్. ఇంగ్లండు చట్టంలో ఈ మాటకు ఖచ్చితమైన అర్థముంది: దొర భూమికి కట్టుబడి, అతని అనుమతి లేక ఊరు విడవరాని, వారంలో ఇన్నిరోజులు అతని పొలంలో వెట్టి చెయ్యవలసిన రైతు. కొరతవేసిన నేరమేదీ అతను చెయ్యలేదు. మాటలు వాడే అధికారమున్నవారి దృష్టిలో పల్లెవాడు మోటువాడు, మోటువాడు నీచుడు, నీచుడు దుర్మార్గుడు. ఈ జారుడు ఫ్రెంచిలోనే మొదలయింది. ఇవాళ ఫ్రెంచిలో విలేన్ అంటే వికారమైనది. ఆంగ్లంలో రాతలో ఒక అక్షరం మార్చి చట్టంలోని రైతును ఒక మాటగా, నాటకంలోని దుష్టుణ్ణి మరొక మాటగా విడదీశారు. ఆంగ్లంవారి సొంతమాట చర్ల్‌కూ ఇదే గతి పట్టింది. ఒకప్పుడు స్వతంత్రుడైన సామాన్యుడు, ఇప్పుడు మర్యాద తెలియని మొరటువాడు.

వాళ్లనే అనడమెందుకు? మన అలంకారశాస్త్రంలో గ్రామ్యం ఒక కావ్యదోషం. నగరంలో ఉండేవాడిది నాగరికత, గ్రామంలో ఉండేవాడి మాట దోషం. నిఘంటువులను పల్లెవాళ్లు రాయలేదు.

1381లో ఇంగ్లండు రైతులు తిరగబడి లండనుమీదికి వచ్చి పద్నాలుగేళ్ల రాజు రెండో రిచర్డును నిలదీసి అడిగిన వాటిలో ఈ విలేనరికం రద్దు ఒకటి. రాజు అప్పటికి సరేనని పత్రాలు రాయించి ఇచ్చాడు. వాళ్లు ఇళ్లకు వెళ్లాక వాటిని రద్దు చేసి, నాయకులను ఉరి తీయించాడు. రైతులు విలేనరికం నుంచి విడుదల కావడానికి ఇంకా చాలాకాలం పట్టింది. ఆ మాటకున్న చెడ్డపేరు నుంచి మాత్రం విడుదల లేదు.

దీనికి ఎదురుగా ఉన్న మాట జెంటిల్. పాతఫ్రెంచిలో మంచి కులంలో పుట్టినవాడు అని అర్థం. దొరకు పుట్టాడు కనుక సౌమ్యుడు, సౌమ్యుడు కనుక మృదువు. ఈ మెట్లు ఎక్కేసరికి పుట్టుక మాట వెనకబడి, మెత్తదనం మిగిలింది. విలేన్ కిందికి దిగిన మెట్లు ఇవే.

డేంజరు కథ ఇంకా సూటిది. ట్రాన్స్‌ఫార్మరు స్తంభంమీద కపాలం బొమ్మ కింద మనం చదువుకొనే ఈ మాటకు తాత లాటినులోని డోమినుస్, అంటే ప్రభువు. పాతఫ్రెంచిలో దాంజియే అంటే ప్రభువుకు ఉండే అధికారం. ఒకరి డేంజరులో ఉండడమంటే మొదట వారి చేతికింద ఉండడమే. షేక్స్పియరు వెనిసు వర్తకుడు నాటకంలో బాకీపడ్డ ఆంటోనియో షైలాకు డేంజరులో ఉన్నాడన్నప్పుడు ఈ పాత అర్థం ఇంకా బతికే ఉంది. మరొకరి అధికారం కింద ఉన్నవాడికి ఏ క్షణాన ఏమవుతుందో తెలియదు కనుక అధికారమే అపాయమయింది. ఈ అర్థపరిణామాన్ని ఏ పండితుడూ కూర్చుని చెయ్యలేదు, అనుభవించినవాళ్లు చేశారు.

అదే నాటకంలో షైలాకు మటన్, బీఫ్ అన్న మాటలను బతికున్న జంతువులకే వాడతాడు. ఈ సంగతి ఎందుకంటే, పశువు పొలంలో ఉంటే ఆంగ్లం, పళ్లెంలో ఉంటే ఫ్రెంచి అన్న మాట బహుళ ప్రచారంలో ఉంది. 1819లో వాల్టర్ స్కాట్ తన ఐవన్‌హోలో విదూషకుడి నోట దీన్ని చమత్కారంగా చెప్పించినప్పటినుంచి ఇది ఇంటింటి కథ. కాసేవాడు ఆంగ్లుడు, తినేవాడు నార్మను అన్నది అందమైన సూత్రమే. కాని మాటలు అంత శుభ్రంగా విడిపోవడానికి కొన్ని శతాబ్దాలు పట్టింది. అంతవరకు మటన్ గడ్డి కూడా మేసింది. మన దేశంలో ఆ మటన్ గొర్రెను దాటి మేకకు కూడా పేరయింది.

ఫ్రెంచి అన్నిటికన్న గట్టిగా పట్టుకు వేళ్లాడిన చోటు న్యాయస్థానం. 1362లో ఒక చట్టం చేశారు: ఫ్రెంచి ఎవరికీ తెలియడంలేదు కనుక కోర్టులో వాదప్రతివాదాలు ఇకపై ఆంగ్లంలో జరగాలని. ఆ చట్టాన్ని రాసినది మాత్రం ఫ్రెంచిలో! వకీళ్లు లొంగలేదు. మరి మూడువందల ఏళ్లపాటు తీర్పుల నివేదికలను తమదైన ఫ్రెంచిలోనే రాసుకున్నారు. ఫ్రెంచిలో దెమాందె అంటే ఊరికే అడగడం. ఆంగ్లంలో డిమాండు అంటే హక్కుగా గద్దించి అడగడం. నడుమ జరిగినదేమిటంటే, ఆంగ్లుడు ఆ మాటను తరచు విన్నది దావాలలో. ఫ్రెంచివాడు మర్యాదగా ఒక ప్రశ్న అడిగాడని రాసిన వాక్యం, అనువాదకుడు ఏమరితే డిమాండు చేశాడని అయిపోతుంది. బంట్రోతులు సభను నిశ్శబ్దపరచడానికి "వినండి" అన్న అర్థంలో ఓయెజ్ అని మూడుసార్లు అరిచేవారు. అర్థం మరచిన జనానికి అది ఆంగ్లంలో "ఓ యెస్" అని వినబడింది.

ఈ వకీళ్ల ఫ్రెంచి ఎంత చిక్కిపోయిందో చెప్పడానికి ఒక ఉదంతం చాలు. 1631లో సాల్స్‌బరీలో విచారణ జరుగుతూండగా శిక్షపడ్డ ఖైదీ ఒకడు ప్రధాన న్యాయాధిపతి రిచర్డ్‌సన్‌మీదికి ఇటుకముక్క విసిరాడు. అది వెంట్రుకవాసిలో తప్పిపోయింది. ఈ సంగతి నమోదు చేసిన వకీలు ఫ్రెంచిలో మొదలుపెట్టాడు. ఇటుకముక్కకు ఫ్రెంచి తోచలేదు, ఆంగ్లం పెట్టాడు. వెంట్రుకవాసిలో తప్పడానికి ఫ్రెంచి తోచలేదు, అదీ ఆంగ్లమే. విభక్తులు ఫ్రెంచివి, ప్రాణం ఆంగ్లానిది. మనం రోజూ వినే కొన్ని వాక్యాలను తలకిందులు చేస్తే సరిగ్గా అలాగే ఉంటాయి. ఆ ఖైదీకి అప్పటికప్పుడు చెయ్యి నరికి, ఉరి తీశారు. ఆ వాక్యాన్ని చదివి భాషాశాస్త్రజ్ఞులు తరతరాలుగా నవ్వుతున్నారు. నవ్వేటప్పుడు ఆ చెయ్యి కూడా ఒకసారి గుర్తుకురావాలి. తనమీద నడిచిన కాగితాలలో ఏముందో అతనికి అర్థమయ్యే భాష కాదు అది.

కోర్టు కాగితాలన్నీ ఆంగ్లంలోనే ఉండాలని పార్లమెంటు 1731లో గట్టిగా శాసించింది. 1733 నుంచి అమలయింది. ఆ పార్లమెంటులోనే బిల్లుకు రాజామోదం దొరికిందని ప్రకటించే వాక్యం మాత్రం నేటికీ నార్మనుల ఫ్రెంచిలోనే ఉంది. "రాణిగారికి సమ్మతమే" అని డెబ్బై ఏళ్లపాటు పలికిన గుమాస్తాలు 2022 తరువాత "రాజుగారికి సమ్మతమే" అని లింగం మార్చుకున్నారు. భాష మార్చలేదు.